పని అక్కడ, పింఛను ఎక్కడ?

గల్ఫ్‌లో పాతికేళ్లు చెమటోడ్చి తిరిగొచ్చినా మనవాళ్లకు నెలనెలా చేతికందే పింఛనంటూ ఉండదు. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్‌లలో ప్రభుత్వ పింఛను పథకాలు గల్ఫ్ పౌరులకే. వలస కార్మికుడికి చట్టం ఇచ్చిన హక్కు సర్వీసు ముగిశాక ఒక్కసారి అందే గ్రాట్యుటీ. కంపెనీ ‘హిసాబు’ చేసి పంపేటప్పుడు ముట్టజెప్పాల్సింది ఇదే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్లినవారికి అది చిన్న విషయం కాదు.

యూఏఈలో ఆ గ్రాట్యుటీని లెక్కకట్టేది మొత్తం జీతం మీద కాదు, బేసిక్ మీద. మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన ఏడాదికి 30 రోజులది. నెలకు 1,800 దిర్హమ్‌లు అందుకునే మనిషి అగ్రిమెంటులో బేసిక్ 1,000 అనీ, మిగతాది అలవెన్సులనీ రాసి ఉందనుకుందాం. 8 ఏళ్ల సర్వీసుకు అతనికి వచ్చేది 6,500 దిర్హమ్‌లు. బేసిక్కే 1,800 అని ఉంటే 11,700 వచ్చేవి. అందుకే వీసా వచ్చిందన్న సంబరంలో పడిపోకుండా, సంతకం పెట్టేముందు బేసిక్ ఎంతో అడగాలి. ఏజెంటు నోటితో చెప్పే మొత్తం జీతం అక్కడ లెక్కలోకి రాదు.

సౌదీలో మరో మెలిక ఉంది. మనంతట మనమే రాజీనామా చేస్తే, 2 ఏళ్లు నిండకపోతే ఏమీ రాదు. 5 ఏళ్లలోపైతే మూడో వంతు, 10 ఏళ్లలోపైతే మూడింట రెండు వంతులు, 10 నిండితేనే మొత్తం. ఇంటి మీద బెంగతో తొమ్మిదిన్నరేళ్లకే రాజీనామా ఇచ్చినవాడు, ఇంకో ఆర్నెల్లు ఆగి ఉంటే దక్కే సొమ్ములో మూడో వంతు వదులుకున్నట్టే. యూఏఈలో ఈ కోతను 2022లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం తీసేసింది.

కువైట్ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకూ ఇలాంటి హక్కు ఉంది. 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం, పనిచేసిన ఒక్కో ఏడాదికి ఒక నెల జీతం చొప్పున చివర్లో ఇవ్వాలి. కడప, కోనసీమ నుంచి వెళ్లే అక్కచెల్లెళ్లకు విమానం ఎక్కకముందే ఈ మాట చెప్పి పంపాలి.

అమెరికాలో సోషల్ సెక్యూరిటీ పింఛను రావాలంటే 40 క్రెడిట్లు కావాలి. ఏడాదికి 4కు మించి రావు కాబట్టి కనీసం పదేళ్ల పని. హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మామూలు గడువేమో 6 ఏళ్లు. గ్రీన్‌కార్డు దారి దొరక్క ఆరేళ్లకు ఇంటిముఖం పట్టిన ఇంజనీరు ఖాతాలో 24 క్రెడిట్లుంటాయి. జీతంలోంచి 6.2 శాతం, కంపెనీ నుంచి మరో 6.2 శాతం కట్టిందంతా అక్కడే ఉండిపోతుంది, వాపసు ఇవ్వరు. రెండు దేశాల సర్వీసును కలిపి లెక్కించే ఒప్పందాలను 1978లో ఇటలీతో మొదలుపెట్టి అమెరికా ఎన్నో దేశాలతో చేసుకుంది. భారత్‌తో మాత్రం చేసుకోలేదు. ఇది అన్యాయం. అయితే సంపాదించిన క్రెడిట్లు రద్దు కావు. మళ్లీ వెళ్లి పనిచేస్తే పాతవాటికి కలుస్తాయి. 40 నిండినవారు వయసొచ్చాక హైదరాబాద్‌లో ఉండి కూడా పింఛను తీసుకోవచ్చు.

అమెరికాలో ఎఫ్‌-1 వీసా మీద ఓపీటీ అనే పని అనుమతిలో ఉన్న విద్యార్థులకు సాధారణంగా మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు ఈ సోషల్ సెక్యూరిటీ కోత ఉండదు. పే స్టబ్‌లో ‘ఫైకా’ అనో ‘ఓఏఎస్‌డీఐ’ అనో పొరపాటున కోస్తే ముందు కంపెనీని అడగాలి. వాపసు ఇవ్వకపోతే అక్కడి పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కు 843 నంబరు ఫారం పెట్టుకోవచ్చు.

బ్రిటన్‌లో ప్రభుత్వ పింఛనుకు 10 ఏళ్ల చందా లెక్క ఉండాలి, పూర్తి మొత్తానికి 35 ఏళ్లు. అక్కడే ఉంటే ఏటా పెరుగుతుంది. భారత్‌కు వచ్చి స్థిరపడితే అప్పటికి ఎంత వస్తోందో అంతే, ఇక పెరగదు.

నెదర్లాండ్స్‌లో అసలు చందా కన్నా నివాసానికే విలువ. అక్కడున్న ఒక్కో ఏడాదికి వృద్ధాప్య పింఛనులో 2 శాతం హక్కు ఏర్పడుతుంది.

జపాన్‌లో 6 నెలలు, ఆపైన పింఛను చందా కట్టి తిరిగొచ్చిన విదేశీయులు కొంత సొమ్ము ఒకేసారి తీసుకోవచ్చు. దేశం విడిచిన 2 ఏళ్లలోపే దరఖాస్తు చేయాలి. కానీ తొందరపడకండి. ఆ డబ్బు తీసుకుంటే అక్కడి సర్వీసు మొత్తం చెరిగిపోతుంది. 2016 నుంచి భారత్, జపాన్‌ల మధ్య ఒప్పందం ఉంది. పింఛనుకు కావలసిన 10 ఏళ్లకు ఇక్కడి పీఎఫ్ సర్వీసు తోడవుతుంది. మళ్లీ జపాన్ వెళ్లే ఆలోచన ఉన్నవారు ఆ సర్వీసును కాపాడుకోవడమే మేలు. జర్మనీలో 5 ఏళ్లలోపు కట్టి వచ్చేస్తే ఉద్యోగి వాటా మాత్రమే వెనక్కిస్తారు, అదీ 2 ఏళ్లు ఆగాక.

ఆన్‌సైట్‌కు పంపే కంపెనీల ఉద్యోగులు అడిగి తీసుకోవాల్సిన కాగితం ఒకటుంది: సర్టిఫికెట్ ఆఫ్ కవరేజ్. మన పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ ఇస్తుంది. జర్మనీ, ఫ్రాన్స్, బెల్జియం, దక్షిణ కొరియా లాంటి ఒప్పంద దేశాల్లో ఇది చూపిస్తే నిర్ణీత కాలం అక్కడి పింఛను చందా కట్టక్కర్లేదు, ఇక్కడి పీఎఫ్ కొనసాగుతుంది.

ఏ దేశంలో ఉన్నా కాగితాల నకళ్లు ఇంట్లోనూ ఉండాలి. ఉదాహరణకు, యూఏఈలో కార్మికుడు చనిపోతే అతని గ్రాట్యుటీ కుటుంబానికి చెందుతుంది. అగ్రిమెంటు, జీతం స్లిప్పులు, పింఛను నంబరు ఇంట్లో లేకపోతే ఆ కుటుంబం ఏం చూపించి అడుగుతుంది? మీవాళ్లు విదేశంలో ఉంటే ఆ కాగితాలన్నీ ఫోన్‌లో ఫొటో తీసి ఈ వారమే పంపించమనండి.