కడచీల నుండి కట్టుతీగ దాకా

దేవాసుర యుద్ధంలో దశరథుని రథచక్రపు కడచీల ఊడిపోయిందనీ, పక్కనే ఉన్న కైకేయి తన వేలినే చీలగా ఉంచి రథాన్ని నిలబెట్టిందనీ మన పెద్దలు చెప్పే కథ ఒకటి ఉంది. వాల్మీకి రామాయణంలో ఈ ఘట్టం ఇలా కనబడదు. అక్కడ గాయపడిన భర్తను కైకేయి యుద్ధభూమి నుండి తప్పించి కాపాడుతుంది. అయినా జనం నోట నిలిచిన కథలో యంత్రశాస్త్రపు సత్యం ఒకటి దాగి ఉంది. కడచీల బండిని లాగదు, బరువు మోయదు, చక్రాన్ని తిప్పదు. చక్రం ఇరుసును విడిచిపోకుండా అడ్డుపడటం ఒక్కటే దాని పని. ఆ ఒక్క పనీ జరగకపోతే మిగిలినవన్నీ ఉండీ ప్రయోజనం లేదు.

ఈనాటి మోటారు సైకిలుకూ అటువంటి కడచీల ఉన్నది. అది 0.8 మిల్లీమీటర్ల మందం గల స్టెయిన్‌లెస్ స్టీలు తీగ. వర్క్‌షాపులలో దీనిని సేఫ్టీ వైరు అనీ, లాక్ వైరు అనీ పిలుస్తారు. కువైట్ నగరానికి దక్షిణాన ఎడారిలో నిర్మించిన కువైట్ మోటార్ టౌన్ ట్రాక్ పొడవు సుమారు 5.6 కిలోమీటర్లు. 2023 జనవరిలో ఫార్ములా రీజనల్ మిడిల్ ఈస్ట్ కార్ల పందేలు అక్కడ జరిగాయి. ఇటువంటి ట్రాక్‌లపై తమ వాహనాన్ని నడిపి చూడాలనే ఉత్సాహం ఇక్కడ పెరిగిన మన పిల్లలలోనూ కలగడం సహజం. రోడ్డుపై తిరిగే మోటారు సైకిలును ట్రాక్‌కు సిద్ధం చేయడంలో ముఖ్యమైన పని బోల్టులకు తీగ కట్టడం. చూడటానికి అల్పంగా కనిపించే ఈ పనిలోని విజ్ఞానాన్ని వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

బోల్టు ఒక స్ప్రింగు

బోల్టు రెండు భాగాలను మేకులా పట్టి ఉంచుతుందని సామాన్యంగా అనుకుంటారు. నిజానికి అది ఒక బిరుసైన స్ప్రింగు. స్పానరుతో బిగించినప్పుడు బోల్టు రవ్వంత సాగుతుంది. సాగినది మళ్ళీ కుదించుకోవాలని చూడటం వల్ల రెండు భాగాలూ ఒకదానికొకటి అదిమి పట్టబడతాయి. 8 మిల్లీమీటర్ల వ్యాసం గల మామూలు ఉక్కు బోల్టును సరిగా బిగిస్తే అందులో సుమారు ఒకటిన్నర టన్నుల బరువుకు సమానమైన లాగుడు ఏర్పడుతుంది. అయితే 30 మిల్లీమీటర్ల పొడవున్న ఆ బోల్టు సాగేది 0.06 మిల్లీమీటరు మాత్రమే. అంటే ఒక వెంట్రుక మందం.

ఈ బోల్టు ఒక చుట్టు తిరిగితే 1.25 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. కాబట్టి 0.06 మిల్లీమీటరు సాగుదల పోవడానికి అది వెనుకకు తిరగవలసినది దాదాపు చుట్టులో ఇరవయ్యో వంతు. అంత స్వల్ప భ్రమణంతోనే ఒకటిన్నర టన్నుల పట్టు చాలావరకు జారిపోతుంది. ఈ లెక్కను పాఠకులు గుర్తుంచుకోవాలి. తీగ చేయగలిగేదేమిటో, చేయలేనిదేమిటో దీనిని బట్టే తెలుస్తుంది.

మర ఎందుకు వదులవుతుంది?

మర అంటే గుండ్రని కడ్డీ చుట్టూ చుట్టిన ఏటవాలు తలం. ఏటవాలుపై ఉంచిన వస్తువును జారకుండా ఆపేది ఘర్షణ. బోల్టును బిగించడానికి మనం వెచ్చించే శ్రమలో నూటికి సుమారు 50 పాళ్ళు తల కింది ఘర్షణకూ, 40 పాళ్ళు మరల మధ్య ఘర్షణకూ పోతాయి. బోల్టును సాగదీయడానికి మిగిలేది 10 పాళ్ళు. శ్రమలో అధిక భాగాన్ని మింగివేసే ఆ ఘర్షణే తరువాత బోల్టును కాపాడుతుంది.

ఆ కాపలా ఎప్పుడు విఫలమవుతుంది? చేటలో బియ్యం పోసి కొద్దిగా వంచి పట్టుకుంటే గింజలు జారవు. అదే వంపులో చేటను ఇటూ అటూ కదిపితే గింజలు దిగజారుతాయి. అడ్డంగా జారడం మొదలుపెట్టిన వస్తువును ఏటవాలు దిశలో నిలిపి ఉంచే శక్తి ఘర్షణకు మిగలదు. బోల్టు విషయంలోనూ జరిగేది ఇదే. అడ్డంగా కలిగే కదలికలే బోల్టు దానంతటదే విప్పుకోవడానికి ప్రధాన కారణమని 1969లో గెర్హార్డ్ జుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ప్రయోగపూర్వకంగా నిరూపించాడు.

ట్రాక్‌పై ఇంజను నిమిషానికి సగటున 10,000 చుట్లు తిరిగిందనుకుంటే, ఇరవై నిమిషాలలో రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టూ ఒక కుదుపే. దీనికి ఉష్ణం తోడవుతుంది. డిగ్రీ ఉష్ణోగ్రత పెరిగినప్పుడు అల్యూమినియం వ్యాకోచించేది ఉక్కు వ్యాకోచించే దానికి దాదాపు రెండింతలు. ఇంజను వేడెక్కినప్పుడు అల్యూమినియం ఉబ్బి, ఉక్కు బోల్టు తల కింద నలుగుతుంది. చల్లారిన తరువాత మునుపటి బిగుతు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైనది. ఆ కొలతను ప్రపంచ వాతావరణ సంస్థ 2019లో ధ్రువీకరించింది. మోటారు సైకిలు సాధన అంతటి వేసవిలో కాక చల్లని నెలలలో సాగినా, తెల్లవారుజామున పది డిగ్రీల వద్ద ఉన్న ఇంజను నూనె కొద్ది నిమిషాలలోనే నూరు డిగ్రీలకు చేరవచ్చు. ఆ మార్పు ఒక్క రోజులోనే పలుమార్లు జరుగుతుంది.

జిగురు చేసే పని

వదులు కాకుండా ఆపేందుకు బోల్టు కింద స్ప్రింగు వాషరు వేయడం మన ఊళ్ళలో వాడుక. బోల్టు పూర్తిగా బిగిసేసరికి ఈ వాషరు చదునై మామూలు వాషరుగా మారుతుందనీ, ఆ దశలో అది ఆపగలిగేది ఏమీ ఉండదనీ 1990 నాటి నాసా మార్గదర్శిక వివరించింది.

ఇంతకంటే మేలైనది మరలకు పూసే ద్రవపు జిగురు. దీనిని 1953లో రూపొందించిన వెర్నాన్ క్రీబుల్ అమెరికాలో హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యుడు. ఈ ద్రవంలోని డైమెథాక్రిలేట్ అణువులు ఒకదానితో ఒకటి గొలుసుకట్టుగా కలిసి గట్టిపడాలంటే స్వేచ్ఛా రాడికల్స్ కావాలి. గాలిలోని ఆక్సిజన్ ఆ రాడికల్స్‌ను ఎప్పటికప్పుడు పట్టివేయడం వల్ల సీసాలో ఉన్నంతకాలం జిగురు ద్రవంగానే ఉంటుంది. అందుకే సీసాను నిండా నింపక కొంత గాలిని ఉంచుతారు. మరల సందులో ఆక్సిజన్ అందదు. పైగా ఇనుము, రాగి అయాన్లు చర్యను వేగిరం చేస్తాయి. ద్రవం ఘనంగా మారి మరల మధ్య ఖాళీని నింపి, అడ్డు కదలికలను అరికడుతుంది. జిగురు చేసేది వదులు కాకుండా ఆపడం. అది కూడా ఓడిపోయిన తరువాత రంగంలోకి దిగేది తీగ.

తీగ గుణం

ఈ తీగకు వాడే స్టెయిన్‌లెస్ స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. క్రోమియం గాలితో కలిసి కంటికి కనిపించని ఆక్సైడు పొరను ఏర్పరుస్తుంది. గీత పడినా ఆ పొర తిరిగి ఏర్పడుతుంది. సముద్రపు ఉప్పు గాలి వీచే కువైట్‌లో ఇది అవసరమైన గుణమే. కొత్త తీగను కాచి మెత్తబరచి అమ్ముతారు. మెలిపెట్టే కొద్దీ లోపలి స్ఫటిక నిర్మాణం మారి తీగ గట్టిపడుతుంది. అంటే మెలికే దానికి బలం. కాని మితిమీరి మెలిపెడితే పెళుసై తెగుతుంది. చిన్నతనంలో ఇనుపతీగను అటూ ఇటూ వంచి విరిచిన వారందరికీ ఇది అనుభవమే. కనుక ఒకసారి విప్పిన తీగను తిరిగి వాడరాదు.

కట్టే విధానం

ఈ పద్ధతి విమానాల నుండి వచ్చినది. విమానపు ఇంజనులో బోల్టు తలలను జతజతలుగా కలుపుతూ మెలితిప్పిన తీగలు కనిపిస్తాయి. మోటారు సైకిలుకు అనుసరించే క్రమమూ అదే.

మొదట బోల్టు తలకు రంధ్రం వేయాలి. సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల కోబాల్టు డ్రిల్లు బిట్టుతో, నూనె వేస్తూ, నిదానంగా తల మూలను తొలచాలి. మర ఉన్న కాండాన్ని ఎన్నడూ తొలచరాదు. రంధ్రం అంచులను నున్నగా చేయకపోతే అవే తీగను కోస్తాయి.

తరువాత బోల్టును తయారీదారు చెప్పినంత టార్కుతో బిగించాలి. రంధ్రం అనువైన దిశలో రాలేదని బోల్టును కొంచెం వదులు చేయడం గాని, ఎక్కువ బిగించడం గాని కూడదు. ఎందుకో పైన చెప్పిన ఇరవయ్యో వంతు లెక్క చెబుతుంది. అవసరమైతే మరొక మూలన రంధ్రం వేసుకోవాలి.

ఆపైన తీగ దిశ. కుడివైపు తిప్పితే బిగిసే బోల్టు ఎడమవైపు తిరిగి విప్పుకోజూస్తుంది. అలా తిరగబోయినప్పుడు తీగ మరింత లాగబడి అడ్డుపడాలి. తీగను అవతలి వైపు నుండి కడితే బోల్టు తిరిగే కొద్దీ తీగ వదులవుతుంది. చూపులకు అందంగా ఉన్నా ఆ కట్టు నిష్ప్రయోజనం. ఇరుగుపొరుగు బోల్టులను జతగా కట్టినప్పుడు తీగ ఒకదాని నుండి మరొకదానికి మెలికగా సాగి, ఒకటి వదులు కాబోతే రెండవదానిని బిగించే వైపు లాగాలి.

అంగుళానికి ఆరు నుండి ఎనిమిది మెలికలు సరిపోతాయి. కొసను నాలుగైదు మెలికలు ఉంచి కత్తిరించి, లోపలికి మడవాలి. ఈ కొసలు సూదుల వంటివి. కంటద్దాలు, చేతి తొడుగులు లేనిదే ఈ పనికి పూనుకోరాదు.

ఏ బోల్టులకు?

అన్నింటికీ అవసరం లేదు. ఊడితే నూనె కారేవి, ఊడితే బ్రేకు గాని చక్రం గాని పోయేవి ముందు చూసుకోవాలి. నూనె తీసే అడుగు బోల్టు, నూనె పోసే మూత, బ్రేకు క్యాలిపర్లను పట్టి ఉంచే బోల్టులు ఇందులో వస్తాయి. గుండ్రని నూనె ఫిల్టరుకు రంధ్రం వేయడం కుదరదు; దాని చుట్టూ లోహపు పట్టీ క్లిప్పు బిగించి, ఆ క్లిప్పును పక్కనున్న స్థిరమైన భాగానికి తీగతో కట్టాలి. ఇరుసు నట్టును కాటర్ పిన్నుతో గాని, తీగతో గాని కాపాడవచ్చు. కాటర్ పిన్ను అంటే మన కడచీలే.

రేడియేటరులోని గ్లైకాల్ ద్రవాన్ని తీసి నీరు పోయమని చాలా ట్రాక్‌లు కోరతాయి. నేలపై ఒలికిన గ్లైకాల్ త్వరగా ఆరక జారుడుగా ఉండటమే దీనికి కారణం. అయితే తుప్పును ఆపే రసాయనాలు కూడా దానితోపాటే పోతాయి కనుక డిస్టిల్డ్ వాటర్ వాడి, రోడ్డుకు మళ్ళే ముందు పాత ద్రవాన్ని మళ్ళీ పోయాలి. నియమాలు ట్రాక్‌కూ ట్రాక్‌కూ మారుతాయి. నిర్వాహకులను ముందే అడగడం మంచిది.

ఎవరి కోసం ఈ తీగ?

అడుగు బోల్టు ఊడితే మూడు నాలుగు లీటర్ల వేడి నూనె నేరుగా వెనుక చక్రం ముందు పడుతుంది. నడిపేవాడు పడిపోవడం మొదటి ప్రమాదం. వెనుక వచ్చేవాడి ప్రమాదం అంతకంటే ఘోరం. గంటకు 150 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 42 మీటర్లు. మలుపులో వంగి ఉన్న మోటారు సైకిలుకు నూనె కనిపించే లోగానే చక్రం దానిమీద ఉంటుంది. ఆ వెనుకవాడు తన వాహనాన్ని ఎంత శ్రద్ధగా సిద్ధం చేసుకున్నా, ముందువాడి అశ్రద్ధ నుండి తప్పించుకోలేడు. అంతర్జాతీయ మోటారు సైకిలు పోటీల నియమాలు నూనె బోల్టులకు తీగను తప్పనిసరి చేసినది ఇందుకే.

ఇప్పుడు మొదటి లెక్కకు రావాలి. చుట్టులో ఇరవయ్యో వంతు తిరిగితేనే పట్టు జారుతుంది. చేతితో కట్టిన తీగలో అంతపాటి సడలింపు ఉండనే ఉంటుంది. కనుక తీగ బోల్టును బిగుతుగా ఉంచదు. వదులైన బోల్టు ఊడి పడకుండా మాత్రం ఆపి, తనిఖీలో అది దొరికేంత వ్యవధి ఇస్తుంది. తీగ ఉన్నదని టార్కు రెంచిని పక్కన పెట్టేవాడు దానిని అపార్థం చేసుకున్నట్లే. ప్రతి విడత తరువాత చేతితో తడిమి, కంటితో చూడాలి.

దీనికి మరొక ఉపయోగం కూడా ఉంది. పద్ధతి ప్రకారం బోల్టును సరిగా బిగించిన తరువాతే తీగ కడతారు. కాబట్టి ఆ తీగ మెకానిక్కు చేసిన సంతకం వంటిది. కడప, గోదావరి జిల్లాల నుండి వచ్చి షువేఖ్ గ్యారేజీల వంటి చోట్ల చెమటోడ్చే మన మెకానిక్కుల చేతులలో ఈ విద్య నిలుస్తుంది. ట్రాక్‌కు వెళ్తానన్న కుమారుణ్ణి గాని, కుమార్తెను గాని వద్దని వారించగలిగిన తల్లిదండ్రులు వారించవచ్చు. వారించలేనివారు బయలుదేరే ముందు వాహనం పక్కన కూర్చుని మూడు సంగతులు చూడవచ్చు: అడుగు బోల్టు చుట్టూ నూనె తడి ఉన్నదా, తీగ ఎక్కడైనా తెగినదా, బోల్టును విప్పబోతే ఆ తీగ బిగిసే వైపే కట్టి ఉన్నదా. ఇందుకు ఇంజనీరింగు పట్టా అక్కరలేదు. ఒక టార్చిలైటు, ఐదు నిమిషాల ఓపిక చాలు.