దశమభాగంలో దశమభాగం: సంఘకాపరి కూడా చెల్లించవలసినదేనా?

తెలుగు క్రైస్తవ సంఘాలలో 'దశమభాగం' అన్న మాట వినగానే స్ఫురించేది విశ్వాసి ఇవ్వడం, కాపరి పుచ్చుకోవడం. పుచ్చుకున్న కాపరి తన రాబడిలో పదో వంతు మళ్లీ ఎవరికైనా చెల్లించాలా అన్న ప్రశ్న అంతగా చర్చకు రాదు. అయితే పాత నిబంధనలో ఈ ప్రశ్నకు సమాధానం విధి రూపంలోనే ఉంది.

లేవీయుల విధి

సంఖ్యాకాండము 18వ అధ్యాయం ప్రకారం లేవీయులకు ఇశ్రాయేలులో భూస్వాస్థ్యం లేదు. ప్రత్యక్షగుడారపు సేవకు ప్రతిఫలంగా తక్కిన గోత్రాలవారి దశమభాగాలు వారికి జీవనాధారమయ్యాయి. అదే అధ్యాయంలో 25వ వచనం మొదలుకొని మరొక నియమం కనిపిస్తుంది. లేవీయులు తాము పొందినదానిలో పదో వంతు తీసి యాజకుడైన అహరోనుకు ఇవ్వాలి. తెలుగు బైబిలు దీనిని 'దశమభాగములో దశమభాగము' అన్నది. ఇది పునరుక్తి కాదు. మొదటి దశమభాగం రాబడి, రెండవది బాధ్యత.

ఈ నియమంలోని తర్కం గమనించదగినది. లేవీయుడు ఇచ్చేదానిని కళ్లంలోని ధాన్యంతోను, ద్రాక్షతొట్టి రసంతోను సమానంగా ఎంచాలని గ్రంథం చెబుతుంది. అంటే పొలం లేనివానికి చేతికందిన కానుకే పంట. 'ఇది కానుకల సొమ్ము, సంపాదన కాదు, కనుక దీనిపై దశమభాగం లేదు' అన్న వాదం ఇక్కడ నిలవదు. పైగా ఇచ్చేది శ్రేష్ఠమైన భాగమై ఉండాలి. అది తీసిన తరువాతనే మిగిలినదానిని లేవీయుడు, అతని ఇంటివారు దోషం లేకుండా అనుభవించవచ్చు. నెహెమ్యా కాలంలోనూ లేవీయులు దశమభాగాలలోని పదో వంతును మందిరపు కొట్లకు తేవాలన్న కట్టుబాటు జరిగింది (10:38).

పై స్థాయిలోనివారు తమ హద్దు మరిచినప్పుడు ఏమవుతుందో చరిత్రకారుడు జోసెఫస్ నమోదు చేశాడు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ప్రధానయాజకుల సేవకులు కళ్లాల మీద పడి దశమభాగాలను బలవంతంగా పట్టుకుపోగా, పేద యాజకులు తిండిలేక మరణించారని అతని 'యూదుల ప్రాచీన చరిత్ర' 20వ గ్రంథం తెలుపుతుంది.

కాపరి లేవీయుడా?

అసలు చిక్కు ఇక్కడ ఉంది. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 7వ అధ్యాయం మెల్కీసెదెకుకు అబ్రాహాము ఇచ్చిన పదో వంతును ప్రస్తావిస్తూ, పుచ్చుకొనే లేవి సైతం అబ్రాహాము ద్వారా ఇచ్చినట్లేనని వాదిస్తుంది. కాని ఆ వాదం ఉద్దేశం దశమభాగాన్ని విధించడం కాదు, యాజకత్వం మారిందని చూపడం. నేటి పాస్టరు వంశం వల్ల సేవకుడు కాలేదు, భూమి కొనుక్కోవడానికి అతనికి నిషేధం లేదు. సువార్త ప్రకటించేవారు సువార్త వలన జీవించవచ్చునని పౌలు 1 కొరింథీయులకు 9వ అధ్యాయంలో చెప్పినా, పదో వంతును పేర్కొనలేదు. ఆ హక్కును తాను వాడుకోలేదని కూడా అక్కడే చెప్పాడు. 2 కొరింథీయులకు 9:7లోని సూత్రం స్వచ్ఛందం. కనుక క్రొత్త నిబంధన ఆధారంగా దశమభాగం కాపరికి చట్టం కాదు, అదే కారణంచేత విశ్వాసికీ కాదు.

అయితే సంఘం ముందు మలాకీ 3వ అధ్యాయాన్ని చట్టంగా చదివే బోధకుడు ఈ వెసులుబాటును వాడుకోలేడు. లేవీయుని వాటా కోరేవానికి లేవీయుని బాధ్యతా వర్తిస్తుంది. మలాకీ గ్రంథంలో యాజకులపై మందలింపు మొదటి రెండు అధ్యాయాలలోనే వచ్చిందన్నది కూడా మరువరాదు.

ఎవరికి చెల్లించాలి?

ఐరోపాలో ఈ ప్రశ్న న్యాయశాస్త్ర రూపం దాల్చింది. 585లో మాకాన్ సభ విశ్వాసులకు దశమభాగాన్ని నిర్బంధం చేసింది. కాలక్రమంలో సన్యాసి మఠాలు తమ భూములకు మినహాయింపులు పొందగా గ్రామచర్చిల ఆదాయం దెబ్బతిన్నది. మఠాలు ఇకపై సంపాదించే భూములకు దశమభాగం కట్టాలని 1215లో నాలుగవ లాటరన్ మహాసభ నిర్ణయించింది. ఇంగ్లండులో గురువులు తమ వార్షికాదాయంలో పదో వంతు పోపుకు చెల్లించేవారు. 1534లో ఎనిమిదవ హెన్రీ దానిని రాజ్యానికి మళ్లించాడు. 1704లో ఆన్ రాణి ఆ సొమ్మును పేద గురువుల పోషణకు కేటాయించింది. జోసెఫస్ చెప్పిన అన్యాయానికి ఇది ఎదురుదిశ.

సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘంలో స్థానిక దశమభాగం కాన్ఫరెన్సుకు చేరుతుంది. పాస్టరు జీతం అక్కడినుంచే వస్తుంది, అతడూ తన పదో వంతు చెల్లిస్తాడు. కాన్ఫరెన్సు తనకు వచ్చినదానిలో పదో వంతును యూనియనుకు పంపుతుంది. సంఖ్యాకాండపు నమూనాకు ఇది చాలా దగ్గర.

తెలుగునాట చిక్కు స్వతంత్ర సంఘాలతో. వ్యవస్థాపకుడే కాపరిగా, కోశాధికారిగా ఉన్నచోట అతడు వేసిన కవరు తిరిగి అతని చేతికే వస్తుంది. దానిని చెల్లింపు అనడం కష్టం. అహరోను వంటి పై అధికారి లేనివారికి ద్వితీయోపదేశకాండము 14:28-29 దారి చూపుతుంది. మూడవ యేటి దశమభాగాన్ని ఊరి గుమ్మాలలో నిలువచేసి లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు పెట్టాలని ఆ వచనాల విధి. ఆ వరుసలో లేవీయుడే మొదట ఉన్నాడు. కూలికి వెళ్లి, సాయంత్రం ప్రార్థన నడిపించే పల్లె పాస్టరు అక్కడ ఇచ్చేవారి కంటె పుచ్చుకొనేవారి పక్షాననే నిలుస్తాడు.