చేపల తొట్టె దగ్గర చెమ్మ

గాజు తొట్టెలో రంగురంగుల చేపలు తిరుగుతుంటే చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే ఆ నీటిని శుభ్రం చేసే ఫిల్టరు మీదా, గొట్టాల మీదా, మూత అడుగునా తరచు నీటి బిందువులు కనిపిస్తాయి. చాలామంది వాటిని గుడ్డతో తుడిచి ఊరుకుంటారు. ఆ చెమ్మ దానంతటది మనకు చేసే కీడు ఏమీ లేదు. అది జారి ఎక్కడికి చేరుతోంది అన్నదే మీరు చూసుకోవలసిన సంగతి.

చెమ్మ ఎందుకు పడుతుంది?

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు కాసేపట్లోనే చెమట పట్టినట్లు అవుతుంది కదా! గాలిలోని నీటి ఆవిరి చల్లని వస్తువును తాకి నీరుగా మారుతుంది. ఇక్కడా అంతే. రాత్రంతా ఏ.సి. నడిచిన గదిలో తొట్టె, గొట్టాలు చల్లబడి ఉంటాయి. తెల్లవారి కిటికీలు తెరవగానే బయటి ఉక్క గాలి తగిలి వాటిపై నీరు పడుతుంది. కోస్తా ఊళ్లలో, వానాకాలంలో ఇది మరీ ఎక్కువ. చలికాలంలో హీటరు పెట్టిన తొట్టెలో నీరు వెచ్చగా ఉండి, ఆవిరి పైకి లేచి మూత అడుగున, ఫిల్టరు పై భాగాన బిందువులు కడుతుంది.

ఇది చెమ్మేనా, లేక నీరు కారుతోందా? ఫిల్టరును పొడిగా తుడిచి, కింద పొడి కాగితం పరచి చూడండి. పైనంతా సమంగా సన్నని బిందువులు పడితే అది చెమ్మ. అతుకు దగ్గర ఒకే చోట కాగితం తడిస్తే నీరు కారుతున్నట్టు. అప్పుడు రబ్బరు వాషరు మార్పించాలి.

గాలి పంపు విషయంలో మరో జాగ్రత్త ఉంది. దాన్ని నీటిమట్టం కంటే కింద పెడితే, కరెంటు పోయినప్పుడు తొట్టెలోని నీరు గొట్టం గుండా వెనక్కి వచ్చి పంపులో చేరవచ్చు. పంపును ఎత్తున పెట్టండి. లేదా నీటిని వెనక్కి రానివ్వని చిన్న వాల్వు గొట్టానికి అమర్చండి.

అసలు ప్రమాదం

ఫిల్టరు మీది చుక్క తీగ వెంబడి జారి ప్లగ్గులోకి పోతే షాక్ కొట్టే అవకాశం ఉంది. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. తడిసిన శరీరం కరెంటును అడ్డుకునే శక్తి సుమారు 1000 ఓములకు పడిపోవచ్చు. అంటే 200 మిల్లీఆంపియర్లకు పైగా కరెంటు ఒంట్లోంచి పోగలదు. 10 మిల్లీఆంపియర్లు దాటితేనే కండరాలు బిగుసుకుని, పట్టుకున్నదాన్ని వదలలేకపోవచ్చు. 50 నుంచి 100 దాకా ఛాతీ మీదుగా పోతే గుండె లయ తప్పి ప్రాణాపాయం కలుగుతుంది.

“చేపలు హాయిగా తిరుగుతున్నాయిగా, కరెంటు ఉంటే చచ్చిపోవూ?” అని కొందరు వాదిస్తారు. ఇది పొరపాటు. చేపల గుండా కరెంటు భూమిలోకి పోయే దారి లేదు. నేల మీద వట్టి కాళ్లతో నిలబడి నీళ్లలో చెయ్యి పెట్టే మీరే ఆ దారి అవుతారు.

చేయవలసినవి:

1. తీగను తిన్నగా ప్లగ్గుకు లాగకండి. ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు వేలాడనివ్వండి. జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది.

2. ఎక్స్‌టెన్షన్ బోర్డును తొట్టె కింద గాని, నేల మీద గాని ఉంచవద్దు.

3. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు, చెమ్మ తుడిచే ముందు, పొడి చేతులతో స్విచ్చి ఆపి ప్లగ్గు ఊడదీయండి. వైరింగు తప్పుగా ఉన్న ఇళ్లలో స్విచ్చి ఆపినా తీగలో కరెంటు ఉండవచ్చు.

4. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. మామూలు ఎం.సి.బి. తీగలను కాపాడుతుంది గాని మనిషిని షాక్ నుంచి కాపాడదు. ఎర్తు సరిగా ఉందో లేదో కూడా చూపించండి.

ఎవరికైనా షాక్ తగిలితే వెంటనే వారిని ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. అది కుదరకపోతే పొడి చెక్కతో గాని, ప్లాస్టిక్ వస్తువుతో గాని తీగను తప్పించండి. 108కి ఫోన్ చేయండి. మనిషి పలకక, ఊపిరి సరిగా తీసుకోకపోతే ఛాతీ మధ్య రెండు చేతులూ ఉంచి 5 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి. స్పృహ తప్పకపోయినా గుండె దడ, ఛాతీ నొప్పి, కాలిన గాయం ఉంటే ఆసుపత్రిలో ఈ.సి.జి. తీయించుకోవాలి.

గోడ, గాయం

తొట్టె వెనుక గోడ ఎప్పుడూ చెమ్మగా ఉంటే బూజు పడుతుంది. ఉబ్బసం, తుమ్ములు ఉన్నవారికి ఇది పడదు. తొట్టెను గోడకు కాస్త ఎడంగా జరిపి గాలి ఆడనివ్వండి.

చేతికి గాయం గాని, పుండు గాని ఉన్నప్పుడు ఫిల్టరు కడగవద్దు. తప్పకపోతే రబ్బరు తొడుగులు వేసుకోండి. తొట్టె నీటిలో మైకోబాక్టీరియం మారినం అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. ఇది క్షయ క్రిమికి చుట్టం. గాయంలో చేరితే సాధారణంగా రెండు మూడు వారాల తర్వాత వేలిమీదో చేతిమీదో నొప్పి అంతగా లేని గడ్డ లేస్తుంది. మామూలు మందులకు తగ్గదు. సరైన మందులు కొన్ని నెలలు వాడాలి. ఒకరి నుంచి మరొకరికి అంటదు గనుక భయం అక్కర్లేదు. కాని మానని పుండుతో డాక్టరు దగ్గరకు వెళ్తే ఇంట్లో చేపల తొట్టె ఉందని తప్పక చెప్పండి. మీరు చెప్పకపోతే డాక్టరుకు ఆ అనుమానం రావడం కష్టం.

తొట్టె కడిగే పని పిల్లలకు ఒంటరిగా అప్పగించకండి. వాళ్లకు మేత వేయడం నేర్పే ముందు ప్లగ్గు తీయడం నేర్పండి.