పహాణీ కిటికీ వెనుక మనిషి: డిజిటల్ పథకాలకు పనివారిని తయారుచేయడం ఎలా?

బాగేపల్లి, చింతామణి రైతులకు పహాణీ అనగానే తాలూకా కచేరిలోని కంప్యూటరు కిటికీ గుర్తుకు వస్తుంది. ఆ కిటికీ వెనుక కూర్చున్నది ఎవరు, వారికి ఆ పని ఎవరు నేర్పారు అన్న సంగతిని మనం అంతగా పట్టించుకోలేదు. ఏ డిజిటల్ పథకమైనా నిలిచేదీ, కూలేదీ అక్కడే.

కర్ణాటక ప్రభుత్వం 2001లో ‘భూమి’ పథకం ద్వారా 177 తాలూకాల పహాణీలను కంప్యూటరులోకి ఎక్కించింది. సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన రెండు కోట్ల పత్రాలవి. అప్పటికి మన తాలూకాలు కోలారు జిల్లాలో ఉండేవి. చిక్కబళ్లాపురం జిల్లా 2007లో ఏర్పడినది. పథకానికి రాజీవ్ చావ్లా అనే ఐ.ఏ.ఎస్. అధికారి సారథ్యం వహించారు.

పాత పత్రాలను టైపు చేసే పనిని ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. కానీ కిటికీ దగ్గర కూర్చోవడానికి బెంగళూరు నుండి సాఫ్ట్‌వేరు ఇంజనీర్లను రప్పించలేదు. వెయ్యి మందికి పైగా గ్రామ లెక్కాధికారులను ఎంపిక చేసి, వారికే కంప్యూటరు నేర్పారు. ఇందులో ఒక వివేకం ఉన్నది. మౌస్ పట్టుకోవడం కొద్ది వారాలలో అలవడుతుంది. ఖాతా మార్పిడికి ఎవరి అభ్యంతరం వినవలెనో, ఏ సర్వే నంబరులో ఎవరి హద్దు ఎక్కడ ముగుస్తుందో తెలియడానికి ఏళ్లు పడుతుంది. సంకేతపదానికి బదులు వేలిముద్ర పెట్టి కంప్యూటరు తెరిచే పద్ధతి రావడంతో ఏ మార్పు ఎవరి చేతిమీదుగా జరిగినదీ తెలిసిపోయేది. చేతివ్రాత పహాణీ చెల్లకుండా పోయింది. 15 రూపాయలకు అచ్చు పహాణీ చేతికి వచ్చింది.

మన సరిహద్దు పల్లెలకు మరొక చిక్కు ఉన్నది. ఇంట్లో తెలుగు, పహాణీలో కన్నడం. ఊరంతా ‘వెంకటరవణప్ప’ అని పిలిచే మనిషి కాగితంలో ‘వెంకటరమణప్ప’ అవుతాడు. ఇంటి ‘పెద్దన్న’ కచేరిలో ‘దొడ్డణ్ణ’ అవుతాడు. రెండు భాషలూ తెలిసినవానికి వారు ఒక్కరే, తెలియనివానికి ఇద్దరు. నేను సైతం ఒకప్పుడు ఒక విద్యార్థి తండ్రి పేరులోని ‘రవణ’ను తప్పనుకొని ‘రమణ’గా దిద్దాను. ఆ ఒక్క అక్షరం కోసం ఆ తండ్రి చాలా రోజులు పని మాని తిరగవలసి వచ్చింది. ఇటువంటి పొరపాటును ఏ సాఫ్ట్‌వేరూ పట్టలేదు.

సరిహద్దుకు ఆవల ఆంధ్రప్రదేశ్ 2019లో దీనికి ఎదురు దారి పట్టింది. గ్రామ సచివాలయాలలో డిజిటల్ అసిస్టెంటు అనే ఉద్యోగాన్ని ఏర్పరచి, సాంకేతిక విద్య చదివిన యువతీయువకులను పరీక్ష ద్వారా తీసుకున్నది. వారికి యంత్రం తెలుసు. ఊరి కాగితాలే నేర్చుకోవాలి. నా మటుకు నాకు ‘భూమి’ దారే మేలనిపిస్తుంది, శిక్షణ ఒక్కసారితో ముగియకపోతే. కర్ణాటకలో 2012 నాటి నియమాలు ప్రభుత్వోద్యోగులకు కంప్యూటరు పరీక్షను తప్పనిసరి చేశాయి గానీ, పరీక్ష వేరు, శిక్షణ వేరు.

2024 సెప్టెంబరులో రాష్ట్రమంతటా గ్రామ ఆడళితాధికారులు సమ్మెకు దిగారు. గ్రామ లెక్కాధికారులకు వచ్చిన కొత్త పేరే ఇది. అనేక మొబైల్ యాప్‌లలో పని చేయమంటూ, అందుకు తగిన సౌకర్యాలు కల్పించలేదన్నది వారి ఫిర్యాదులలో ముఖ్యమైనది. 2001లో మనిషిని సిద్ధం చేసి యంత్రాన్ని ఇచ్చారు. ఇప్పుడు యాప్ ముందు వస్తున్నది.

పి.యు.సి. ముగించిన పిల్లలను కంప్యూటరు కోర్సుకు పంపే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించవలెను. ధ్రువపత్రం ఒక్కటే చాలదు. కన్నడ టైపింగు, దానితోపాటు తెలుగు చదవడం, వ్రాయడం వచ్చిన పిల్లవాడు ఈ ప్రాంతపు కచేరీలకు, పంచాయితీలకు, బ్యాంకులకు పనికివచ్చే మనిషి. ఇంట్లో ఉన్న పహాణీనే అతని చేతికి ఇవ్వండి. 9వ కాలమ్‌లో యజమాని పేరు, 11లో హక్కులు, ఋణాలు, 12లో సాగుదారు, పంట వివరాలు ఉంటాయి. 9వ కాలమ్‌లోని పేరును ఆధార్ కార్డుతో అక్షరమక్షరం సరిచూడమనండి. తేడా కనబడితే తాలూకా కచేరికి దిద్దుబాటు అర్జీని కన్నడంలో అతని చేతనే వ్రాయించండి.