ఊరి దారిలో బోర్డుల శాస్త్రం

పామర్రులో మొదలై గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు, ఆకివీడు, భీమవరం మీదుగా దిగమర్రు చేరే 165వ నంబరు జాతీయ రహదారికి రెండు పక్కలా చేపల చెరువులు, రొయ్యల చెరువులు, వాటి మధ్య వరిచేలు. వాటితో పాటే బోర్డులు. మేత కంపెనీల గోడ రాతలు, చెరువు మందుల రేకులు, ఏరియేటర్ల హోర్డింగులు, కాలేజీల ఫ్లెక్సీలు, బంగారం కొట్ల యూనిపోళ్లు వరసగా ఎదురవుతాయి. సింగరాయపాలెంలో సుబ్రహ్మణ్య షష్ఠి దగ్గర పడితే స్వాగత ఫ్లెక్సీలు వీటికి తోడవుతాయి.

వీటిని చూసి చదివి వదిలేస్తాం. కానీ బోర్డు నిలబెట్టడం వెనుక భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, కంటి శాస్త్రం మూడూ ఉన్నాయి. ఎంత దూరం నుంచి చదవాలి, ఎన్నాళ్లు ఎండకు నిలవాలి, ఎంత గాలికి తట్టుకోవాలి అన్న ప్రశ్నలకు జవాబులు మారినప్పుడల్లా బోర్డు రకం మారుతుంది. ఆ లెక్క తెలియకుండా పెట్టిన బోర్డు డబ్బు దండగ. ఒక్కోసారి ప్రాణాలకే ముప్పు.

రకాలు ఎన్ని?

అన్నిటికంటే పాతది గోడ రాత. గోడకు సున్నమో డిస్టెంపరో కొట్టి, దాని మీద పెయింటరు కుంచెతో రాస్తాడు. తర్వాతిది రేకు బోర్డు. పల్చని ఇనుప రేకు మీద రంగు వేసి స్తంభానికో చెట్టుకో కొడతారు. గుడ్డ బ్యానర్లు, సినిమా వాల్‌పోస్టర్లు కొద్దిరోజుల ప్రచారానికి పుట్టినవి.

ఇనుప చట్రం మీద, చాలా కాళ్లతో నిలబడేది హోర్డింగ్. ఒకే లావుపాటి ఉక్కు గొట్టం మీద నిలబడేది యూనిపోల్. రోడ్డుకు అడ్డంగా ద్వారంలా కట్టేది గ్యాంట్రీ. దుకాణం నుదుట లోపలి దీపాలతో వెలిగేది గ్లోసైన్. బస్సుల పక్కలు, ఆటోల వెనుక భాగాలు కదిలే బోర్డులు. అన్నిటికంటే కొత్తది ఎల్ఈడీ తెర.

కంటికి కావలసిన కొలత

ఆరోగ్యమైన కన్ను ఒక అక్షరాన్ని గుర్తుపట్టాలంటే ఆ అక్షరం కంటి దగ్గర కనీసం 5 నిమిషాల కోణం చేయాలి. ఒక డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం. కళ్ల డాక్టరు గదిలో 6 మీటర్ల దూరాన ఉండే పట్టికలో, మామూలు చూపుకు హద్దుగా పెట్టిన వరస అక్షరాల ఎత్తు సుమారు 9 మిల్లీమీటర్లు. ఇదే లెక్కన 100 మీటర్ల నుంచి చదవాలంటే అక్షరం దాదాపు 15 సెంటీమీటర్లు ఉండాలి. అయితే అది హద్దు మాత్రమే. కదిలే వాహనంలో, దుమ్ములో, శీతాకాలపు పొగమంచులో సుఖంగా చదవాలంటే దానికి రెండు మూడు రెట్లు కావాలి.

ఇప్పుడు వేగం చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 17 మీటర్లు దాటిపోతుంది. 100 మీటర్ల దూరంలో చదవడానికి వీలైన బోర్డు 5, 6 సెకన్లలో వెనక్కి వెళ్లిపోతుంది. నడిపేవాడు ఆ సెకన్లలో రోడ్డు కూడా చూడాలి. అందుకే హైవే హోర్డింగు మీద ఏడు మాటలు మించకూడదని ఈ వృత్తిలో ఒక పద్ధతి ఉంది. పది మంది ఫొటోలు, ఇరవై పేర్లు, రెండు ఫోన్ నంబర్లు ఉన్న ఫ్లెక్సీని ఆగి నిలబడ్డవాడే చదవగలడు. బస్టాపు దగ్గర, టీకొట్టు ఎదుట అది పనికొస్తుంది. హైవే మీద పనికిరాదు.

తెలుగు లిపికి అదనపు లెక్క ఒకటి ఉంది. ఇంగ్లిషు పెద్దక్షరం తనకిచ్చిన ఎత్తంతా తానే తీసుకుంటుంది. ‘ముదినేపల్లి’ అని రాస్తే పైన గుడి, ఏత్వం, కింద ల వత్తు చోటు అడుగుతాయి. వరస ఎత్తు 30 సెంటీమీటర్లయినా నడుమ ఉన్న అసలు అక్షరానికి దక్కేది అందులో కొంతే. పైగా ద, ధల మధ్య, డ, ఢల మధ్య తేడా అడుగున ఉన్న చిన్న గీతే. ఆ గీత కంటికి అందకపోతే మాట మారిపోతుంది. కాబట్టి ఒకే దూరానికి తెలుగు వరస ఇంగ్లిషు వరస కంటే పెద్దదిగా ఉండాలి. రెండు భాషల బోర్డుల మీద చాలాచోట్ల దీనికి తలకిందులుగా జరుగుతోంది. అనుభవం ఉన్న గోడ పెయింటర్లు వత్తుల కోసం కింద ముందే చోటు వదులుతారు. వాళ్ల చేతికి తెలిసిన ఆ కొలతను కంప్యూటరు మీద అక్షరాలు పేర్చేవాళ్లూ నేర్చుకోవాలి.

రంగుల ఎంపికలోనూ కంటి ధర్మం ఉంది. చదవడానికి రంగు కంటే వెలుగు నీడల తేడా ముఖ్యం. పసుపు మీద నలుపు, నీలం మీద తెలుపు దూరానికి తేటగా కనిపిస్తాయి. ఎరుపు మీద నీలం కళ్లను ఇబ్బంది పెడుతుంది. కంటి కటకం ఈ రెండు రంగులనూ ఒకేసారి ఒకే దూరంలో కేంద్రీకరించలేదు, అందుకే అంచులు చెదిరినట్టు అనిపిస్తాయి.

దగ్గరికెళ్లి చూస్తే హోర్డింగులోని బొమ్మ చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. సయాన్ నీలం, మెజెంటా ఎరుపు, పసుపు, నలుపు అనే నాలుగు సిరాల చుక్కలతోనే యంత్రం అన్ని రంగులనూ పుట్టిస్తుంది. 30 మీటర్ల దూరంలో ఒక నిమిషం కోణమంటే దాదాపు 9 మిల్లీమీటర్లు. అంతకంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను కన్ను విడదీయలేదు. కాబట్టి ఎత్తున పెట్టే బోర్డుకు పుస్తకంలో ఉన్నంత సన్నని ముద్రణ అక్కర్లేదు.

ఎండలో నీలమే ఎందుకు మిగులుతుంది?

పాత ఫ్లెక్సీల్లో మనుషుల ముఖాలు నీలంగా మారడం అందరూ చూసినదే. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలకు రంగు అణువుల్లోని రసాయన బంధాలను తెంచే శక్తి ఉంది. పసుపు, మెజెంటా సిరాల్లోని సేంద్రియ రంగులు దానికి త్వరగా లొంగిపోతాయి. సయాన్‌లో ఉండే థాలోసయనిన్ నడుమ రాగి ఉన్న గట్టి వలయం. నలుపులో ఉండేది కర్బనం. ఈ రెండూ ఎక్కువ కాలం తట్టుకుంటాయి. అందుకే ఎరుపు, పసుపు పోయి నీలం, నలుపు మిగులుతాయి.

గోడ రాతల కాలంలో పెయింటర్లకు మరో రసాయన సమస్య ఉండేది. సున్నం క్షారం. ప్రష్యన్ నీలం దాని మీద చెడిపోతుంది. బట్టలకు వాడే అల్ట్రామెరైన్ నీలం క్షారానికి చలించదు, కాబట్టి సున్నపు గోడకు సరిపోతుంది. పాత రైల్వే స్టేషన్లలో కనిపించే ఎనామిల్ పలకలది ఇంకో దారి. గాజుపొడిని ఇనుప రేకు మీద పరచి సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగిస్తే అది రేకుకు అతుక్కుపోతుంది. అందులోని రంగులు ఖనిజ రంగులు కాబట్టి ఎండకు వెలవవు. అంచున గాజు పెచ్చు లేచి తుప్పు పట్టేదాకా దానికి చేటు లేదు.

తుప్పు ఈ దారి పక్కనున్న కొల్లేటి సరస్సు ప్రాంతపు బోర్డులకు పెద్ద శత్రువు. గాలిలో ఏడాది పొడుగునా తేమ. వనామీ రొయ్యల సాగుకు 2009లో దేశంలో అనుమతి వచ్చాక ఉప్పునీటి చెరువులూ పెరిగాయి. ఉప్పు కలిసిన తేమ విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది, ఇనుము తుప్పు పట్టడం వేగమవుతుంది. ఇనుము మీద జింకు పూత ఉంటే ముందు జింకు కరిగి ఇనుమును కాపాడుతుంది. ఇక్కడ నిలబెట్టే చట్రానికి రంగు ఒక్కటే చాలదు, ఆ పూత తప్పనిసరి.

రాత్రి వెలుగు

రోడ్లశాఖ పెట్టే సూచిక బోర్డులకు దీపాలు ఉండవు. అయినా మన హెడ్‌లైటు పడగానే మెరుస్తాయి. వాటి పొరలో సన్నని గాజు పూసలో, చిన్న పట్టకాలో ఉంటాయి. అద్దంలా కాంతిని పక్కకు తిప్పకుండా వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి. కాలువ గట్టు వెంబడి మలుపు తిరిగే దారిలో ప్రాణాలు కాపాడేది ఈ ఏర్పాటే. ఆ బోర్డుకు అడ్డంగా మరో ప్రకటన కట్టడం మలుపును దాచేయడమే.

వాణిజ్య ప్రకటనలు రాత్రి వెలగడంలో పెద్ద మలుపు నియాన్. ఫ్రాన్సుకు చెందిన జార్జ్ క్లాడ్ 1910లో పారిస్ మోటారు ప్రదర్శనలో నియాన్ గొట్టాలను చూపించాడు. ఇప్పుడు ఆ చోటు ఎల్ఈడీలది. నీలి ఎల్ఈడీ 1990ల్లో సాధ్యమయ్యాకే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి నిండు రంగుల తెర చేయగలిగారు. దానికి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. తెరల బజారులో ‘పీ10’ అంటే చుక్కకూ చుక్కకూ మధ్య 10 మిల్లీమీటర్లు. కంటి లెక్క ప్రకారం 34 మీటర్ల దూరం నుంచే ఆ చుక్కలు పూర్తిగా కలిసిపోతాయి.

పగటి ఎండను గెలవడానికి ఎల్ఈడీ తెర చాలా కాంతివంతంగా ఉండాలి. అదే కాంతిని రాత్రి తగ్గించకపోతే ప్రమాదం. చీకటికి కన్ను పూర్తిగా సర్దుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ సర్దుబాటు చెడడానికి ఒక్క మెరుపు చాలు. వీధిదీపాలు లేని చెరువు గట్ల మధ్య తెర దాటిన మరుక్షణం సైకిల్ మీద వచ్చే మనిషి కనపడడు. చుట్టూ ఉన్న వెలుగును బట్టి తనంతట తాను కాంతి తగ్గించుకునే తెరలు ఉన్నాయి. రోడ్డు పక్కన వాటినే అనుమతించాలి.

గాలి లెక్క

పెద్ద హోర్డింగు గాలికి పడవ తెరచాపలా ఎదురు నిలుస్తుంది. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలోని సూత్రం ఇది: సెకనుకు మీటర్లలో ఉన్న వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు న్యూటన్లలో ఒత్తిడి వస్తుంది. అదే ప్రమాణంలో విజయవాడకు ఇచ్చిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తూర్పు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు ప్రాంతానికి తుపాను కోసం ప్రత్యేక గుణకం కూడా ఉంది. ముదినేపల్లి ఆ పట్టీలోనే ఉంది.

40 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు ఉన్న బోర్డు వైశాల్యం 74 చదరపు మీటర్లు. సెకనుకు 25 మీటర్ల గాలికి దాని మీద పడే బలం దాదాపు 2.8 టన్నులు. గాలి రెట్టింపయితే బలం నాలుగు రెట్లు, 11 టన్నులు దాటుతుంది. పలక ఆకారాన్ని లెక్కలోకి తీసుకుంటే ఇంకా పెరుగుతుంది. ఆ బలం 30 అడుగుల ఎత్తున పనిచేస్తూ పునాదిని పెకలించాలని చూస్తుంది. ఆ పునాది ఉన్నది ఎలాంటి నేలలో? వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారే నల్లరేగడిలో, పక్కనే చెరువు నీరు ఊరే మెత్తని నేలలో. గట్టి నేలకు గీసిన నమూనా ఇక్కడ చాలదు. ఇక్కడి మట్టిని పరీక్షించే పునాది లోతు తేల్చాలి.

ఫ్లెక్సీకి కత్తితో చిల్లులు పెడితే గాలి పోతుందని నమ్మేవాళ్లు ఉన్నారు. చిల్లులు బోర్డులో ఇరవయ్యో వంతు ఉంటే తగ్గే బలమూ ఇంచుమించు అంతే.

లెక్క తప్పితే ఏమవుతుందో 2024 మే 13న ముంబయి ఘాట్కోపర్‌లో తెలిసింది. 40 అడుగులకు 40 అడుగులే గరిష్ఠ హద్దుగా ఉన్న నగరంలో 120 అడుగుల హోర్డింగు ఈదురుగాలికి పెట్రోల్ బంకు మీద కూలి 17 మంది చనిపోయారు. అదే ఏడాది నవంబరులో మన పక్కనే, తూర్పు గోదావరి జిల్లా ఉండ్రాజవరం మండలం తాడిపర్రులో ఫ్లెక్సీ కడుతూ విద్యుత్ తీగలు తగిలి నలుగురు యువకులు ప్రాణాలు కోల్పోయారు. ఇనుప చట్రం మంచి విద్యుత్ వాహకం. సర్వి కర్ర కూడా తడిస్తే వాహకమే. తీగల కింద బోర్డు ఎత్తకూడదన్న ఒక్క నియమం పాటించినా ఇలాంటి చావులు ఆగుతాయి.

పండుగ అయ్యాక ఫ్లెక్సీ ఎక్కడికి?

ఫ్లెక్సీ అంటే పాలిస్టర్ దారాల వలకు రెండువైపులా పీవీసీ పూసిన బట్ట. పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరినే. కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్ల వంటి విషాలు వెలువడతాయి. దారం, పూత విడదీయడం కష్టం కాబట్టి మళ్లీ కరిగించి వాడటమూ తేలిక కాదు. గడ్డివాముల మీద, మేత బస్తాల మీద కప్పుకోవడం మంచి వాడకమే. అయితే అక్కడా ఎండకు పెళుసెక్కి ముక్కలవుతుంది. ఆ ముక్కలు కాలువల్లో పడి కొల్లేటికి చేరతాయి. కొల్లేరు 1999 నుంచి వన్యప్రాణి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సార్ చిత్తడి నేల. కొల్లేటి పక్షుల కేంద్రమైన ఆటపాకకు వచ్చే గూడకొంగలు తినే చేపలు ఈ నీటిలోవే, మనం తినేవీ ఈ నీటిలోవే. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటించినప్పుడు ముందుకొచ్చిన కారణమూ ప్లాస్టిక్ కాలుష్యమే.

ఏ చోటికి ఏ బోర్డు?

ఏళ్ల తరబడి నిలవాల్సిన మేత కంపెనీ పేరుకు, ఎరువుల కొట్టు పేరుకు గోడ రాత సాటిలేనిది. గాలికి పడదు, కరెంటు అక్కర్లేదు, చెత్త మిగల్చదు, ఊరి పెయింటరుకు పని దొరుకుతుంది. పది రోజుల జాతరకు గుడ్డ బ్యానరు చాలు. దుకాణానికి జింకు పూత ఉన్న రేకు, దాని మీద వత్తులకు చోటు వదిలిన పెద్ద తెలుగు అక్షరాలు కావాలి. హోర్డింగు, యూనిపోలు తప్పనిసరైతే గాలి లెక్క, మట్టి పరీక్ష, ఇంజినీరు సంతకం చూశాకే పంచాయతీ అనుమతి ఇవ్వాలి. ఏటా తుపానుల కాలానికి ముందు బోల్టులు, వెల్డింగులు తనిఖీ చేయించాలి. ఇందుకు కొత్త పరిజ్ఞానం ఏదీ అక్కర్లేదు. లెక్కలు ప్రమాణ పుస్తకంలో ఉన్నాయి. అనుమతి కోసం వచ్చినవారిని వాటిని చూపించమని అడగడం పంచాయతీ బాధ్యత, అడిగించడం మన బాధ్యత.