కంప్యూటరు తన్ను తాను సరిచేసికొను విధము

మన సంఘముల చిట్టాలును ఆవర్జాలును నేడు కంప్యూటరులోనికి ఎక్కుచున్నవి. దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను ఈ పద్ధతి క్రిందికి తెచ్చుటకై 2022 జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వమువారు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించిరి. మీరు తీసికొన్న పంట ఋణము, కట్టిన వాయిదా, మిగిలిన బాకీ అన్నియు ఆ యంత్రముననే యుండును. కావున దానికి కావలి యెవరను ప్రశ్న గుమాస్తాది మాత్రమే కాదు, మీది కూడ.

2017 మే 12వ తేదీన ‘వనాక్రై’ యను దుష్ట ప్రోగ్రాము లోకమంతట వ్యాపించినది. అది కంప్యూటరులోని దస్తావేజులన్నింటికిని తాళము వేసి, 300 డాలర్లు చెల్లించిననే గాని తాళపుచెవి ఇయ్యనని తెరమీద వ్రాసి చూపెడిది. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములు చిక్కినవి. బ్రిటనులో ఆస్పత్రులు రోగులను వెనుకకు పంపవలసి వచ్చినది. ఎక్కడనో జరిగినదని తలపకుడు. అప్పటి చిత్తూరు జిల్లాలో పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని దానికి లోబడినవి. తిరుమల తిరుపతి దేవస్థానముల కార్యాలయ కంప్యూటర్లు కొన్నియు లోబడినవి. భక్తుల టిక్కెట్ల యేర్పాటునకు మాత్రము భంగము కలుగలేదని దేవస్థానమువారు తెలిపిరి.

ఇట్టి ప్రోగ్రామును నిపుణులు ‘పురుగు’ అనియే పిలుతురు. పేరు చక్కగా అమరినది. వేరుసెనగ చేలలో ఎఱ్ఱ గొంగళిపురుగు ఒక చేను తిని, గట్టు దాటి ప్రక్క చేనికి పోవుట మీరెరిగినదే. ఇదియు నట్లే, ఎవరును ఏ మీటయు నొక్కకయే, ఒక యంత్రమునుండి దానితో కలిపియున్న మరియొక దానికి ప్రాకెడిది. విండోసు అను మూల ప్రోగ్రాములో నొక రంధ్రముండెను, దానిగుండా దూరెడిది. విచారకరమైన సంగతి యేమన, ఆ రంధ్రమును పూడ్చు అతుకును మైక్రోసాఫ్టు కంపెనీవారు మార్చి 14వ తేదీననే విడుదల చేసియుండిరి. మందు వచ్చిన 59 దినములకు గాని తెగులు రాలేదు! అతుకు వేసికొన్న యంత్రములలోనికి ఆ దారిని పురుగు దూరలేకపోయినది. 2014 ఏప్రిల్‌తో సంరక్షణ ముగిసిన ఎక్స్‌పీ యను పాత కూర్పునకు మాత్రము, ఉపద్రవము వచ్చిన పిమ్మటనే అందరికిని అతుకు నిచ్చిరి.

మనుష్యుడు మరచును గాన, మరువని పనిముట్టు నొకదానిని యంత్రములోనే యుంచినారు. అది అప్పుడప్పుడు ఇంటర్నెట్టు ద్వారా తయారుచేసినవారి పెద్ద కంప్యూటరును అడుగును: ‘నాయొద్ద ఫలానా సంఖ్యగల కూర్పున్నది, క్రొత్తది వచ్చినదా?’ వచ్చినచో తెచ్చుకొనును. తెచ్చినదానిని వెంటనే లోపలికి రానీయదు. ధ్రువీకరించిన విత్తనముల సంచికి చీటీయు సీలును చూడక మనము కొనము గదా! అట్లే కంపెనీవారి గుప్త సంతకము సరిపోయినదా యని లెక్కకట్టి చూచును. దారిలో నెవరైన ఒక్క అక్షరము మార్చినను సంతకము పొసగదు, దానిని త్రోసివేయును. పొసగినచో పాత భాగములను తీసి క్రొత్తవి పెట్టును. తిరుగుచున్న మోటారునకు బేరింగు మార్చలేము. అందుచేతనే ఒక్కొక్కప్పుడు యంత్రమును ఆపి మరల వెలిగింపుమని అది కోరును. విండోసునకు ప్రతి నెల రెండవ మంగళవారమున అతుకులు వెలువడును. లినక్సు యంత్రములలోను, మీ చేతి సెల్‌ఫోనులోను ఇట్టి పనిముట్లే కలవు.

ఆ కోరిక వచ్చినప్పుడే గుమాస్తాకు విసుగు పుట్టును. ఎరువుల కొరకు జనము వరుసలో నిలిచియుండగా యంత్రము పావుగంట నిలిచిపోయిన నెవరు సహింతురు? నేనును ‘తరువాత’ యను మీటను నెలలకొలది నొక్కినవాడనే, ఇతరులను నిందింపను. కాని పనివేళలను ముందుగా తెలిపి యుంచినచో, ఆ వేళలందు తనంత తాను ఆగిపోకుండునట్లు విండోసులోనే యేర్పాటున్నది. ఈ సంగతి చాలమందికి తెలియదు.

అయినను ఈ పనిముట్టును గ్రుడ్డిగా నమ్మరాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను కంపెనీవారి కావలి ప్రోగ్రామునకు తానై వచ్చి చేరిన ఫైలే తప్పుగా నుండెను. 78 నిమిషములలో దానిని వెనుకకు తీసికొన్నను, అప్పటికే సుమారు 85 లక్షల విండోసు యంత్రములు కూలినవి. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు చీటీలు చేతితో వ్రాసి యిచ్చిరి. క్రొత్త వంగడమును ఒక మడిలో పరీక్షింపక ఊరంతట ఒకేనాడు విత్తినట్లయినది. ఆ పిమ్మట ఆ కంపెనీవారు అట్టి ఫైళ్లను అంచెలంచెలుగా పంపు పద్ధతికి మారిరి.

ఇట్టి తప్పునకు భయపడి పనిముట్టును కట్టివేయుట నాకు సమ్మతము కాదు. దాని నట్లే యుండనిచ్చి, వారమున కొకసారి లెక్కల నకలును వేరొక డిస్కులోనికి తీసి, ఆ డిస్కును యంత్రమునుండి ఊడదీసి బీరువాలో పెట్టవలయును. తగిలించి యుంచినచో పురుగు దానిని కూడ తినును. దొంగనకలు విండోసుతో నడుచు సంఘములు, పట్టుబడుదుమను భయమున అతుకులను ఆపివేయుట కలదు. ఆ పొదుపు పొదుపు కాదు. విండోసు 10కి సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. దానినే వాడువారు పొడిగింపునకు వేరుగా నమోదు చేసికొనవలయును, లేదా 11కు మారవలయును.

వచ్చు సర్వసభ్య సమావేశమున కార్యదర్శిగారిని అడుగుడు: మన యంత్రములోనిది ఏ కూర్పు? చివరి అతుకు ఏ తేదీన పడినది? బీరువాలోని నకలు ఏ వారమునాటిది?