మన బదిలీని మోసుకొచ్చే మనిషి



మన బడిలో ఏ తరగతికి వెళ్ళి "ఇప్పటికి ఎన్ని ఊళ్ళు మారారు?" అని అడిగినా చేతులు టకటకా లేస్తాయి. ఒకరు మూడు అంటారు, ఇంకొకరు ఐదు అంటారు. మాదీ అదే కథ. బదిలీ ఉత్తర్వు రాగానే అట్టపెట్టెలు, తాళ్ళు, పాత వార్తాపత్రికలు బయటికి వస్తాయి. గిన్నెలకు కాగితాలు చుడతాం, పుస్తకాలు కట్టలు కడతాం. ఒక సాయంత్రం లారీ వస్తుంది. సామానంతా అందులోకి ఎక్కుతుంది, మనం రైలెక్కుతాం. కొన్ని రోజులకు కొత్త ఊళ్ళో మన గుమ్మం ముందు లారీ ఆగుతుంది. ఆ మధ్యలో దాన్ని నడిపిన మనిషి ఎక్కడ తిన్నాడు, ఎప్పుడు నిద్రపోయాడు అని మనం అడగం. ఈసారి అది తెలుసుకుందాం.

మన ఊరు, మన లారీలు

ఆదిత్యపూర్‌లో ఉండేవాళ్ళకు లారీని పరిచయం చేయనక్కరలేదు. ఖర్కాయి నదికి అవతల జంషెడ్‌పూర్, ఇవతల మనం. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు సంస్థ 1912లో ఇక్కడ మొదటిసారి ఉక్కు తీసింది. 1945లో టెల్కో వచ్చింది. ముందు రైలింజన్లు చేసిన ఆ సంస్థ, 1954 నుంచి జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీలు చేయడం మొదలుపెట్టింది. లారీలకు కావలసిన విడిభాగాలు ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలోని ఎన్నో కర్మాగారాల్లో తయారవుతాయి. అంటే లారీ పుట్టేదీ ఇక్కడే, సరుకు ఎక్కించుకునేదీ ఇక్కడే. కాండ్రా రోడ్డు పక్కన వరసగా నిలబడి నో ఎంట్రీ ఎత్తేయడం కోసం ఎదురుచూసే ట్రెయిలర్లను మీరు బడికి వచ్చేటప్పుడు చూసే ఉంటారు.

ఈ ప్రాంతానికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి తెలుగువాళ్ళు ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడ్డారు. వాళ్ళు రైల్లో వచ్చారు. ఇప్పుడు తెలుగునేల నుంచి వేరే చుట్టాలు లారీల్లో వస్తుంటారు! బజారులో "ఆంధ్రా చేప" అని అమ్మే రోహు, కట్ల కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగినవే. ట్రేలలో మంచుగడ్డల పొడి మధ్య సర్దుకుని అవి ఇంత దూరం వస్తాయి. మంచు కరిగేలోగా బండి చేరాలి. అదొక పరుగు.

చక్రాలు లెక్కపెట్టండి

ఈసారి లారీ కనిపిస్తే చక్రాలు లెక్కపెట్టండి. ముందు ఇరుసుకు రెండు, వెనుక రెండు ఇరుసులకు నాలుగేసి, మొత్తం పది ఉంటే అది మూడు ఇరుసుల లారీ. 2018లో వచ్చిన మార్పు ప్రకారం అలాంటి బండి తన సొంత బరువుతో కలిపి 28.5 టన్నుల దాకా ఉండవచ్చు. అంతకు ముందు ఈ పరిమితి 25 టన్నులు. లోడు ఎక్కాక కాటా మీద తూచి చూస్తారు. బరువు మించితే జరిమానా పడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, బరువు పెరిగినకొద్దీ బండి ఆగడానికి ఎక్కువ దూరం కావాలి.

ఇక్కడి నుంచి వెళ్ళే సరుకులో కాయిల్ అని పిలిచే ఉక్కు రేకు చుట్టలు ఎక్కువ. ఒక్కొక్కటి పది, పదిహేను టన్నులు కూడా ఉంటుంది. కింద చెక్క దిమ్మలు పెట్టి, ఇనుప గొలుసులతో బిగించి కడతారు. ఆ కట్టు సరిగ్గా ఉందో లేదో దారిలో దిగి చూసుకోవడం డ్రైవరు పని. గట్టిగా బ్రేకు వేసినప్పుడు కట్టు తెగితే ఆ చుట్ట ముందుకు, క్యాబిన్ మీదికే వస్తుంది.

దారి ఎలా ఉంటుంది?

ఆదిత్యపూర్ నుంచి విజయవాడ సుమారు 1200 కిలోమీటర్లు. అట్లాసు తెరిచి వేలు పెట్టి చూడండి. 18వ నంబరు జాతీయ రహదారి మీద ఘాట్‌శిల, బహరాగొడా, బారిపద మీదుగా బాలేశ్వర్ చేరాలి. అక్కడ 16వ నంబరు రహదారి ఎక్కితే భద్రక్, కటక్, భువనేశ్వర్, బరంపురం, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం వస్తాయి. రైల్లో మనం హాయిగా కూర్చుని దాటేసే దూరం ఇది. నిండు లోడుతో ఉన్న లారీకి మూడు నాలుగు రోజులు పడుతుంది.

పెద్ద లారీ లోడుతో లీటరు డీజిల్‌కు మూడు నాలుగు కిలోమీటర్లే నడుస్తుంది. అంటే ఈ ఒక్క ట్రిప్పుకు 300 నుంచి 400 లీటర్లు కావాలి. ఖాళీగా తిరిగొచ్చినా డీజిలు తాగుతుంది, టోలు కట్టాలి. అందుకే తిరుగు లోడు దొరికేదాకా డ్రైవరు ట్రాన్స్‌పోర్టు ఆఫీసు దగ్గర రోజుల తరబడి కాచుకుని ఉంటాడు. అక్కడే స్టవ్వు వెలిగించి వండుకుంటాడు, లారీ కిందే నీడ చూసుకుని పడుకుంటాడు.

డ్రైవరు కావాలంటే?

పద్దెనిమిదేళ్ళకు కారు లైసెన్సు వస్తుంది కానీ రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్ళు నిండాలి. బండి నడపడం ఒక్కటే వస్తే చాలదు. టైరు మార్చడం, గాలి బ్రేకుల్లో ఒత్తిడి చూసుకోవడం, టార్పాలిను కప్పి తాడు బిగించడం, కాగితాలు సరిచూసుకోవడం అన్నీ రావాలి. సరుకుతో పాటు ఈ-వే బిల్లు అనే పత్రం ఉంటుంది. అది సాధారణంగా ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున చెల్లుతుంది. 1200 కిలోమీటర్లకు ఎన్ని రోజులో మీరే లెక్క కట్టండి. మన పాత ఇంటి సామానుకు మాత్రం అది అక్కరలేదు.

కొందరు సొంత లారీ నడుపుకుంటారు. బండి మీద అప్పు ఉంటే నెలనెలా వాయిదా కట్టాలి. కొందరు పెద్ద రవాణా కంపెనీల్లో పనిచేస్తారు. 1976లో కర్ణాటకలోని గదగ్‌లో ఒకే ఒక లారీతో మొదలైన వీ.ఆర్.ఎల్. వేల లారీలున్న సంస్థగా ఎదిగింది. పెద్ద కంపెనీలో జీతం, దారి ఖర్చులకు బత్తా ఉంటాయి. బండి ఎక్కడుందో ఆఫీసులో తెర మీద కనిపిస్తూ ఉంటుంది. సొంత బండి వాళ్ళకు అప్పు భయం, కంపెనీ వాళ్ళకు వేళ భయం. ఇద్దరికీ కరువైనది మాత్రం ఒక్కటే: నిద్ర.

ఒక ఉదయం మేము నేర్చుకున్న పాఠం

మేము ఆంధ్ర నుంచి ఇక్కడికి బదిలీ అయి వచ్చినప్పుడు సామాను రావడం ఆలస్యమైంది. బడి తెరిచే రోజు దగ్గర పడింది, గ్యాసు పొయ్యి లేదు, పుస్తకాలు లేవు. మేము డ్రైవరుకు రోజుకు నాలుగైదుసార్లు ఫోన్ చేశాం. "ఇంకా ఎంతసేపు? త్వరగా రావయ్యా" అని విసుక్కున్నాం కూడా.

మర్నాడు తెల్లవారుజామున లారీ వచ్చింది. శ్రీకాకుళం వైపు మనిషి, యాభై దాటిన వయసు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మంచినీళ్ళిస్తే ముందు మొహం మీద చల్లుకున్నాడు.

"రెండు రాత్రులు పడుకోలేదు మేష్టారూ. మీరు కంగారుపడుతున్నారు కదా అని ఆపకుండా వచ్చేశాను. భద్రక్ దాటాక ఒక్కసారి రెప్ప పడింది. బండి రోడ్డు దిగి కంకర చప్పుడయ్యేసరికి మెలకువ వచ్చింది" అన్నాడు, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి సెకనుకు సుమారు 16.7 మీటర్లు వెళ్తుంది. నాలుగు సెకన్లు రెప్ప పడితే 66 మీటర్లకు పైగా నడిపేవాడు లేకుండానే పోయినట్టు. రెండు బాస్కెట్‌బాల్ కోర్టుల పొడవు కంటే ఎక్కువ. ఆ లెక్క వేసుకున్నాక మా చేతిలోని ఫోను మాకే బరువనిపించింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అని, ఐదు గంటల తర్వాత కనీసం అరగంట విశ్రాంతి అని చెప్పింది. ఆ రెండు రాత్రులు ఆయన్ని నిద్రపోనివ్వనిది మా తొందరే.

టిఫిను పెట్టి కూర్చోబెట్టాం. మా పిల్లల్ని చూసి ఆయన నవ్వాడు. "మీ పిల్లలకు ఊళ్ళు మారతాయి కానీ నాన్న పక్కనే ఉంటాడు. మా పాప పదో తరగతి. దానికి ఒకటే ఊరు, ఒకటే బడి. నాన్నే ఎప్పుడోగానీ కనపడడు" అన్నాడు.

స్నేహితులు వదిలిపోయారని మీరు బాధపడే ప్రతిసారీ మాకు ఆ మాట గుర్తొస్తుంది. మీ బాధ చిన్నదని కాదు. కొత్త ఊళ్ళో మొదటిరోజు భోజనాల వేళ ఒంటరిగా కూర్చోవడం ఎలా ఉంటుందో మాకూ తెలుసు. కాకపోతే మన సామాను మోసుకొచ్చిన మనిషి ఇంట్లోనూ అలా ఎదురుచూసే పిల్లలు ఉంటారు.

మనం చేయగలిగినవి

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. ఎండాకాలంలో ఇంజను వేడి పక్కన కూర్చునే మనిషికి అది పెద్ద ఊరట. అలాంటి పెద్ద మార్పులు ప్రభుత్వాలు, కంపెనీలు చేయాలి. చిన్నవి మన చేతిలో ఉన్నాయి.

వచ్చే బదిలీకి రెండు రోజులకు సరిపడా బట్టలు, ముఖ్యమైన పుస్తకాలు రైల్లోనే వెంట తీసుకువెళ్ళండి. అప్పుడు లారీని తొందరపెట్టే అవసరం రాదు. డ్రైవరు బండి నడిపే వేళ ఫోన్ చేయవద్దని అమ్మానాన్నలకు మీరే చెప్పండి. లారీ రాగానే మంచినీళ్ళివ్వండి, కాళ్ళు చేతులు కడుక్కోవడానికి చోటు చూపించండి. "చదవకపోతే లారీ డ్రైవరు అవుతావు" అని ఎవరైనా అంటే, ఈ వ్యాసం వాళ్ళకు చదివి వినిపించండి.

మళ్ళీ ఏదో ఒక రోజు మీ ఇంటి ముందు లారీ ఆగుతుంది. పెట్టెలు లెక్కపెట్టుకునే ముందు "అంకుల్, కాస్త నిద్రపోయారా?" అని అడగండి.

— మీ తెలుగు ఉపాధ్యాయులు